జాలీ మారిస్తే పొయ్యి బాగుపడదు

కట్టెల పొయ్యిలో నిప్పులు నిలిచే ఇనుప కడ్డీల జాలీ వంగిపోతే మనం ముందు తిట్టేది ఇనుమునే. సరుకు నాసిదని, వెల్డింగాయన సన్న కడ్డీ వేసి మోసం చేశాడని అనుకుంటాం, కొత్తది వేయిస్తాం. కొన్నాళ్లకు అదీ నడుం వంచుతుంది. చాలాసార్లు తప్పు ఇనుములో లేదు, దాని కింద పేరుకుపోయిన బూడిదలో ఉంది. గోడ పగిలినా, పొగగొట్టం పూడుకున్నా, నీళ్ల బాయిలర్ అడుగు చిల్లిపడినా ఇదే వరస. పాడైంది ఒకటి, పాడు చేసింది ఇంకొకటి. ఆ రెండోదాన్ని పట్టుకోకుండా మొదటిదాన్ని ఎన్నిసార్లు మార్చినా డబ్బు దండగే.

పట్టుకోవడం మరీ కష్టమేం కాదు. కట్టెల పొయ్యిలో మోటారు లేదు, చక్రం లేదు. కదిలేది గాలి ఒక్కటే. అది ఎక్కడ లోపలికి వస్తోంది, ఎక్కడ వేడెక్కుతోంది, ఎటు బయటపడుతోంది అని వరసగా చూసుకుంటూ పోతే దాదాపు ప్రతి రిపేరుకూ మూలం దొరుకుతుంది.

గ్యాసు లేని ఇల్లు ఇప్పుడు సీమలో తక్కువ. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది, 2016లో కేంద్రం ఉజ్జ్వల తెచ్చింది. అయినా కట్టెల పొయ్యి వంటింట్లోంచి పెరట్లోకి జరిగిందే కానీ పోలేదు. సాయంత్రమైతే కర్నూలు, అనంతపురం రోడ్ల పక్కన జొన్నరొట్టెలు తట్టి కాల్చే ఆడవాళ్లు దాన్నే నమ్ముకున్నారు. ఉగ్గాని బజ్జీ హోటళ్లు, పెళ్లివంటలు, కడప పల్లెల్లో సంగటి కుండ, ఇంటి వెనక స్నానాల నీళ్లు ఇంకా దాని మీదే నడుస్తున్నాయి. కందికట్టె, పత్తికట్టె, సర్కారు తుమ్మ, చింత మొద్దు, బుడ్డల (వేరుశనగ) పొట్టు ఏది చేతికందితే అది వేస్తారు. ఇన్ని రకాలు మింగే పొయ్యికి ఒకే రకం జబ్బు రాదు కదా.

ముందు కట్టె ఎలా కాలుతుందో కాస్త చూడాలి. మొదట అందులోని నీళ్లు ఆవిరైపోతాయి. వేడి 250, 300 డిగ్రీలకు చేరేసరికి కట్టె లోపలే విడిపోయి మండే వాయువులు బయటికొస్తాయి. ఎండు కట్టె బరువులో ముప్పాతిక వంతు దాకా ఇలా వాయువుగానే లేచిపోతుంది. మిగిలేది బొగ్గు, కాస్త బూడిద. మంట అని మనం చూసేది ఆ వాయువులు కాలడమే. కింద ఎర్రగా కణకణలాడేది బొగ్గు. ఈ రెండింటికీ గాలి రెండు చోట్ల నుంచి కావాలి: బొగ్గుకు కిందనుంచి, జాలీ సందుల్లోంచి, వాయువులకు పైనుంచి, పొయ్యి నోటి గుండా. కింద గాలి అందకపోతే బొగ్గు మిగిలిపోతుంది. పైన అందకపోతే పొగ లేస్తుంది. కిలో ఎండు కట్టె పూర్తిగా కాలాలంటే లెక్క ప్రకారం సుమారు 6 కిలోల గాలి కావాలి. అంటే దాదాపు 5 ఘనపు మీటర్లు, ఐదారు ఇనుప బీరువాల్లో పట్టేంత. నిజం పొయ్యి అంతకన్నా ఎక్కువే పీలుస్తుంది. ఇంత గాలి పోవాల్సిన దారిలో మనం బూడిద నింపుతాం, లావు మొద్దును నోట్లో కుక్కుతాం, ఆ తర్వాత ఊదుగొట్టం పట్టుకుని కళ్లు తుడుచుకుంటూ కూర్చుంటాం.

ఇప్పుడు జాలీ సంగతి. దాని మీద పడి ఉండే బొగ్గులు బాగా రాజుకుంటే 800 డిగ్రీలు దాటుతాయి. మామూలు ఇనుము 550, 600 దాటితే మెత్తబడుతుంది, పైన నల్లటి పెచ్చులు పొరలు పొరలుగా లేస్తాయి. మరి జాలీ మొదటి వారంలోనే ఎందుకు కూలిపోదు? కిందనుంచి వచ్చే చల్లగాలి కడ్డీలను ఒరుసుకుంటూ పైకి పోతుంది కాబట్టి. నిప్పును రాజేసే గాలే జాలీని చల్లబరుస్తుంది. బూడిద గుంత నిండి, ఆ బూడిద జాలీ అడుగును ముట్టుకుందనుకోండి, ఆ చలువ ఆగిపోతుంది. పైగా సందుల్లోంచి రాలిన నిప్పులు ఆ బూడిద మీదే కాలుతుంటాయి. పైన నిప్పు, కింద నిప్పు, మధ్యలో ఇనుము. ఎంత లావు కడ్డీ అయినా ఎన్నాళ్లు ఆగుతుంది? జాలీకి, కింద బూడిదకు మధ్య ఎప్పుడూ నాలుగు వేళ్ల ఎడమైనా ఉండాలి. రోజంతా మండే పొయ్యిలో అయితే రోజుకోసారి తీస్తే చాలదు, మధ్యలో ఒకసారి లాగేయాలి.

జాలీ లేని పాత మట్టిపొయ్యికి ఇది వర్తించదు. అక్కడ అడుగున ఒక పొర బూడిద ఉండడమే మేలు, వేడిని నేలలోకి పోనివ్వదు.

రెండో కారణం బిగింపు. ఈమధ్య అనంతపురంలో ఒక వెల్డింగు కొట్టు ముందు టీ హోటలాయన తెచ్చి పడేసిన జాలీ చూశాను. చట్రం నిటారుగానే ఉంది. రెండు చివరలా అతుకులు చెక్కుచెదరలేదు. కడ్డీలన్నీ మాత్రం ఒకే తీరుగా కిందికి విల్లులా వంగాయి. "ఈసారి ఇంకా లావు కడ్డీ ఎయ్యి అన్నా, రెండు పక్కలా గట్టిగా పట్టించు" అంటున్నాడు ఆయన. ఆ గట్టిగా పట్టించడమే దాని కొంప ముంచింది. ఇనుము వేడెక్కితే సాగుతుంది. అడుగు పొడవున్న కడ్డీ 600 డిగ్రీలు వేడెక్కితే 2 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. పెరగడానికి చోటివ్వకుండా రెండు చివరలూ కట్టేస్తే అది వంగక ఏం చేస్తుంది? లావు కడ్డీ వేస్తే వంగడం మానదు, ఈసారి చట్రాన్నీ, గోడనూ కూడా తోస్తుంది. కడ్డీని ఒక చివరే అతికించాలి, రెండో చివర గాడిలో వదులుగా కూర్చోవాలి. లేదా అసలు అతకకుండా విడి కడ్డీలు వరసగా పరిస్తే సరి, ఒకటి పోతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. చట్రం చుట్టూ కూడా గోడకు అంటకుండా చిటికెన వేలి మందం సందు వదిలి, అందులో బూడిద నింపాలి. సిమెంటుతో పూడ్చకూడదు.

ఏ ఇనుము అన్నది ఆ తర్వాతి మాట. ఇళ్లు కట్టే టీఎంటీ కడ్డీ ముక్కలు చవగ్గా దొరుకుతాయి, ఇంటి పొయ్యికి చాలు. బీడు (పోత ఇనుము) జాలీ వేడికి తొందరగా వంగదు, పెచ్చూ తక్కువ లేస్తుంది. కానీ పెళుసు. రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు నిప్పులార్పడానికి చెంబుడు నీళ్లు గుమ్మరించే అలవాటున్న చోట బీడు జాలీ పెట్టడం కన్నా పెట్టకపోవడమే నయం, ఆ ఒక్క దెబ్బకే పగులుతుంది. నిప్పులను రేకు డబ్బాలోకి లాగి మూత పెడితే గాలి లేక అవే ఆరిపోతాయి, మర్నాటికి బొగ్గూ మిగులుతుంది. రోజుకు పది గంటలు మండే హోటలు పొయ్యికి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వేసుకోవచ్చు. సుమారు 850 డిగ్రీల దాకా దానికి పెచ్చు లేవదు. ఖరీదు ఎక్కువే, అయితే బూడిద తీయనివాడి దగ్గర అదీ నిలవదు.

బుడ్డల పొట్టు వేసేవాళ్లకు ఇంకో మాట. పొట్టు తేలిక, కానీ కుప్పగా పోస్తే ఒత్తుకుపోయి గాలికి గోడ కడుతుంది. మంట చచ్చి, చిక్కటి తెల్లపొగ లేస్తుంది, ఉన్నట్టుండి భగ్గుమంటుంది. దానికి కడ్డీలు దగ్గరదగ్గరగా ఉండాలి, పొట్టు గుప్పెడు గుప్పెడుగా పడాలి.

గోడల దగ్గరికొస్తే సీమవాళ్లకు ఒక సొంత ప్రమాదముంది: మన చుట్టూ ఎటు చూసినా బండలే. కడప బండ, బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ. నేలకు అవే, మిద్దెకు అవే, బట్టలుతికేందుకూ అవే. పొయ్యి కట్టేటప్పుడు పక్కన పడున్న విరిగిన ముక్క తీసి నోటి మీద అడ్డంగా పెట్టడమో, లోపల అడుగున పరచడమో చేతికి దానంతటదే వచ్చేస్తుంది. ఇవన్నీ సున్నపురాయి జాతి. మంట తగిలే చోట ఇంతకన్నా పనికిరాని రాయి లేదు. పొరల మధ్య చేరిన తేమ ఒక్కసారిగా ఆవిరైతే ఠప్పుమని పెచ్చు లేచి కళ్లల్లోకి రావచ్చు. అది తప్పించుకున్నా, వారాల తరబడి 850, 900 డిగ్రీల వేడిలో మగ్గితే రాయి రాయిగా ఉండదు, సున్నమవుతుంది. సున్నపు బట్టీలో జరిగేది అదే. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు పూర్తిగా కాలితే 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా పోయి 56 కిలోల సున్నం మిగులుతుంది. ఆకారం చెడదు, అందుకే మనం గమనించం. ఒకరోజు గంజి పొంగి దాని మీద పడుతుంది. సున్నానికి నీళ్లు తగిలినట్టే, బుసబుసమని ఉబ్బి పొడి రాలుతుంది. పొయ్యి నోటి మీద అడ్డబండ అకస్మాత్తుగా కూలిన ఇళ్లలో ఆ ముక్కలు చేత్తో నలిపి చూడండి, తెల్లటి పొడి అంటుతుంది. పొడి చేత్తోనే సుమా, తడి చేత్తో పట్టుకుంటే చర్మం కాలుతుంది.

నల్లరాయి, గ్రానైటు కూడా అంత క్షేమం కాదు. గ్రానైటులో ఉండే స్ఫటికం 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి ఉబ్బుతుంది, రాయి లోపల్లోపలే చీలుతుంది.

విచిత్రమేమిటంటే పొయ్యికి భలేగా సరిపోయే రాయి కూడా ఇదే నేలలో ఉంది. పలకల మీద రాసే బలపం రాయి, స్టియటైట్ అంటారు, అనంతపురం, కర్నూలు, కడప మూడు జిల్లాల పాత లెక్కల్లోనూ కనబడే ఖనిజం. బేతంచెర్ల, తాడిపత్రి వైపు దాని గనులున్నాయి. వేడికి పగలదు, పట్టుకున్న వేడిని మెల్లగా వదులుతుంది. ఫిన్లాండులో చలికాలం ఇళ్లు వెచ్చబెట్టే పెద్ద పొయ్యిలను ఈ జాతి రాతితోనే కడతారు. మనం మాత్రం ఎక్కువగా పొడి కొట్టి ఫ్యాక్టరీలకు పంపి, పొయ్యిలో సున్నపురాయి పెట్టుకుంటున్నాం.

మంట నేరుగా తగిలే లోగోడకు మార్కెట్లో దొరికేది ఫైర్ బ్రిక్, వేడికి ఆగే ఇటుక. సాధారణంగా 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, 3 అంగుళాల మందం; లేత పసుపు రంగు, బరువు దాదాపు 4 కిలోలు. దాన్ని సిమెంటుతో కట్టడం మనవాళ్లు చేసే అసలు తప్పు. సిమెంటు గట్టిపడేది నీటితో కలిసి. 400, 500 డిగ్రీల వేడిలో ఆ నీరు కాస్తా విడిపోతే అతుకు ఇసుకలా రాలుతుంది. ఇటుక నిలుస్తుంది, సందు పోతుంది, సందులోంచి మంట బయటి గోడను పట్టుకుంటుంది. ఇటుక అమ్మేచోటే ఫైర్ క్లే బస్తా కూడా అమ్ముతారు. దాన్ని పలచగా కలిపి, 2, 3 మిల్లీమీటర్ల సందుతో కట్టాలి. అతుకు సన్నగా ఉంటేనే గట్టి.

అయితే ఇంటి పొయ్యికి ఫైర్ బ్రిక్ పెట్టాలా అంటే, నన్నడిగితే చాలాచోట్ల అక్కర్లేదు. బరువైన ఇటుక ముందు తన కడుపు నింపుకుని తర్వాత కుండకు వేడినిస్తుంది. పొద్దున అరగంట మంట పెట్టి ఆర్పేసే పొయ్యిలో ఆ వేడంతా గోడలోనే మిగిలిపోతుంది. రోజంతా మండే రొట్టెల పొయ్యికి, హోటలుకు అయితే లాభం. ఇంటికి పొట్టు కలిపిన మట్టే మంచిది.

ఆ మట్టి ఏది అన్నది మీ ఊరిని బట్టి ఉంటుంది. నంద్యాల వైపు, కర్నూలు పడమటి పల్లెల్లో నల్లరేగడి. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే నేల అది. దాంతో పొయ్యి పెడితే మంట పెట్టకముందే పగుళ్లు. ఎర్రమట్టి కావాలి, పుట్టమట్టి దొరికితే ఇంకా మేలు. అందులో ఊకో, నలగ్గొట్టిన ఎండుగడ్డో, పేడో కలిపి రెండు రోజులు నానబెట్టి తొక్కుతారు. ఊక ఊరికే కలపరు. పొయ్యి కాలేకొద్దీ లోపలి ఊక కూడా కాలిపోయి, ఆ చోట సన్నటి బొక్కలు మిగులుతాయి. ఆ బొక్కల్లో చిక్కుకున్న గాలి వేడిని బయటికి పోనివ్వదు.

పగులుకు మట్టి మెత్తడంలో ఒక మెలకువ ఉంది. పగులు మీద పైపైన అలికితే రెండో రోజే ఊడుతుంది. మసి పట్టిన గోడకు మట్టి అంటదు. కాబట్టి మసి గీకేయాలి, పగులును కత్తితో కాస్త వెడల్పు చేయాలి, అంచులను బాగా తడపాలి, అప్పుడు గట్టి ముద్దను వేలితో లోపలికి కుక్కాలి. నీడనే ఆరనిచ్చి, మొదటి మంట చితుకులతో చిన్నగా పెట్టాలి. పగులు ఎప్పుడూ ఒకే చోట వస్తోందంటే మాత్రం మట్టి పని కాదది. పొయ్యి నోటి అంచు మాటిమాటికీ విరుగుతోందా, లావు మొద్దులు అక్కడ ఆనించి తోస్తున్నారన్నమాట, అంచుకు ఒక యాంగిల్ ముక్క అడ్డం పెట్టించండి. జాలీ రెండు కొసల దగ్గర నిలువుగా చీలుతోందా, పైన చెప్పిన కడ్డీల బిగింపే.

ఇక ఎవరూ భాగంగా లెక్కపెట్టని భాగం ఒకటుంది: గిన్నెకు, పొయ్యికి మధ్య సందు. చలిదేశాల ఇనుప పొయ్యిలకు అద్దాల తలుపుంటుంది, తలుపు చుట్టూ తాడులాంటి గ్యాస్కెట్ ఉంటుంది. అది నలిగిపోతే లెక్కలేని గాలి లోపలికి దూరి కట్టె దుబారా అవుతుంది. తలుపులో కాగితం ముక్క ఇరికించి లాగితే సులువుగా వచ్చేసిందంటే గ్యాస్కెట్ మార్చాలని వాళ్లకో గుర్తు. మన పొయ్యికి ఆ తలుపూ లేదు, ఆ గొడవా లేదు. మనకు ఆ పని చేసేది గిన్నె అంచు.

పొగగొట్టం లేని పొయ్యికి గిన్నె కింద సందు ఉండి తీరాలి, అక్కడినుంచే పొగ పోవాలి. గిన్నె ఆనే పొయ్యి గడ్డలు అందుకే. గడ్డలు అరిగి గిన్నె కిందికి దిగిపోతే మంట నోటిలోంచి వెనక్కి తంతుంది. గడ్డలు మరీ ఎత్తైతే సెగంతా పక్కలకు పోతుంది. బొటనవేలి మందం అటూ ఇటూగా ఉంటే చాలు. పొగగొట్టం ఉన్న పొయ్యికి లెక్క తలకిందులు. అక్కడ గిన్నె కంతను పూర్తిగా మూసేయాలి. సందు ఉంటే గొట్టం మంటను లాగడం మానేసి ఆ సందులోంచి చల్లగాలిని లాగుతుంది, పొగ ఇంట్లోనే తిరుగుతుంది. కొత్తగా గొట్టం పెట్టించుకుని, పాత అలవాటుకొద్దీ గడ్డలు కూడా ఉంచేసుకుని, "గొట్టం ఏం పని చేయదు" అనేవాళ్లు బోలెడంత మంది.

ఈ పాఠం దేశమంతా చాలా డబ్బు పోసి నేర్చుకుంది. హైదరాబాదు ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో ఎస్.పి. రాజు 1950ల్లోనే పొగగొట్టంతో పొగలేని పొయ్యి రూపొందించారు. 1980ల్లో బెంగళూరు విజ్ఞాన సంస్థ ఐఐఎస్‌సీ వాళ్ల పొయ్యి, అస్త్ర ఒలె, మన సరిహద్దు దాకా వచ్చింది. కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ పథకం పెట్టి 2002 దాకా నడిపింది. పొయ్యిలు కట్టారు, కట్టాక చూసుకునే దిక్కు లేకపోయింది. ఒడిశాలో రెమా హన్నా, 2019లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఎస్తర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు కలిసి ఇలాంటి పొయ్యిలిచ్చిన ఇళ్లను నాలుగేళ్ల దాకా గమనించారు. మొదటి ఏడాది పీల్చే పొగ తగ్గింది, ఆ తర్వాత ఆ తేడా మాయమైంది. ఇంటివాళ్లు పొయ్యిని సరిగా వాడలేదు, రిపేర్లకు సరిపడా ఖర్చు పెట్టలేదు, వాడకం ఏటేటా తగ్గిపోయింది. పల్లెవాళ్లకు అవగాహన లేదని దీనికి అర్థం చెప్పేవాళ్లున్నారు. నాకైతే అలా అనిపించదు. గొట్టం ముక్క ఏ కొట్లో దొరుకుతుందో, ఎవరు బిగిస్తారో చెప్పకుండా పొయ్యి ఒక్కటీ ఇచ్చి వెళ్లిపోతే ఎవరింట్లోనైనా జరిగేది అదే.

గొట్టంలో చేరేది రెండు రకాలు. పొడి మసి అయితే తట్టితే రాలుతుంది. జిగురుగా, నల్లగా తారులా మెరిసేదైతే పచ్చికట్టె పని. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉంటాయి. ఆ నీళ్లను మరిగించడానికే మంట వేడిలో కొంత పోయి మంట చల్లబడుతుంది, కాలని వాయువులు ఆవిరితో కలిసి పైకి పోయి, గొట్టం చల్లగా ఉండే పైభాగంలో అంటుకుంటాయి. ఇది మండే పదార్థం. ఒకరోజు గొట్టంలోనే అంటుకుని లారీ ఇంజనులా హోరుమంటుంది. అప్పుడు నీళ్లు పోయకూడదు, పొయ్యి నోరు మూసి గాలి ఆపాలి. కట్టెను చీల్చి, వాన తగలకుండా గాలాడేట్టు పేరిస్తే మన ఎండలకు ఒక వేసవి చాలు. రెండు ముక్కలు కొడితే ఖణేల్మని మోగాలి, కోసిన చివర నెర్రెలు కనబడాలి.

శుభ్రం చేయడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. తాడుకు రాయి కట్టి, దాని పైన గొట్టంలో బిగువుగా పట్టేంత గోనె ముద్ద చుట్టి, మిద్దె మీదనుంచి దించి పైకీ కిందికీ లాగడమే. రోజూ మండే పొయ్యికి నెలకోసారి. కింద మసి పడే చోట మూత తీసే వీలుండాలి. ఆ వీలు లేకుండా వంపు దగ్గర సిమెంటు మెత్తేసిన గొట్టాలను ఎవరూ శుభ్రం చేయరు, చేయలేరు కూడా.

గొట్టం మార్చేటప్పుడు ముక్కలు ఏ వరసలో దిగాలన్నది చాలామంది తిరగేసి చేస్తారు. పొగ బయటికి కారుతుందేమోనని కింది ముక్కను పై ముక్కలోకి దూరుస్తారు. కానీ వేడెక్కిన గొట్టం పొగను బయటికి తోయదు, సందులోంచి గాలిని లోపలికే పీలుస్తుంది. కిందికి కారేది తారు, వానచుక్క. కాబట్టి పై ముక్కే కింది ముక్కలోకి దిగాలి. లేదంటే గొట్టం వెంబడి గోడ మీద నల్లటి చారలు, వానాకాలం వంటింట్లో తారు చుక్కలు.

పొయ్యికి దగ్గరగా ఉండే మొదటి రెండు మూడు అడుగులు మందపాటి మామూలు ఇనుప గొట్టమే వేయాలి. జీఐ పైపుకు పైన ఉండేది జింకు పూత. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, ఇంకా వేడెక్కితే వచ్చే పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది. పైభాగంలో జీఐ ఉన్నా ఫర్వాలేదు. ఎండిపోయిన బోరుల ఇనుప కేసింగు పాత ఇనుము కొట్లలో దొరుకుతుంది, మన జిల్లాల్లో దానికి కరువు లేదు. చక్కగా పనికొస్తుంది. పీవీసీ కేసింగు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. పాత పొయ్యిలకు సిమెంటు రంగులో ఉండే ఏసీ పైపు కనబడితే అది రాతినార (ఆస్బెస్టాస్) కలిసినది. పులివెందుల చుట్టుపక్కల ఒకప్పుడు తవ్వింది ఆ ఖనిజాన్నే. దాని నూగు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సరు దాకా పోతుంది. కోయొద్దు, పగలగొట్టొద్దు. తీయక తప్పకపోతే నీళ్లతో బాగా తడిపి, ముక్కగానే దించండి.

గొట్టం మిద్దెకు రెండడుగులు పైనుండాలి, పిట్టగోడను కూడా దాటాలి. ఆషాఢం గాలి అనంతపురంలో ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. గోడను దాటని గొట్టంలోకి ఆ గాలి దిగి పొగను వెనక్కి కొడుతుంది. పైన రేకుటోపీ పెడితే, గొట్టం వెడల్పులో సగమైనా ఎడం వదలాలి. కొట్టం మీదుగా పోయే గొట్టానికి కప్పిన బోదగడ్డి అంటకుండా చుట్టూ కంత పెట్టిన బండ ఒకటి బిగించండి. కడప బండకు పొయ్యి దగ్గర తగిన చోటు అదే.

స్నానాల నీళ్లు కాచే రాగి బాయిలర్‌కు గాలితో పాటు నీళ్లూ శత్రువే. గోడకు అవతల నీళ్లున్నంతసేపూ ఆ లోహం వంద డిగ్రీలకు పెద్దగా మించదు. మన బోరునీళ్లు గడుసు. లోపల తెల్లటి సున్నపు పొర కట్టాక నీళ్లకు, రాగికి మధ్య అడ్డుగోడ పడ్డట్టే, లోహం మాడిపోతుంది. ఈలోగా కట్టె ఎక్కువవుతోందని ఇంట్లో గొణుగుడు మొదలవుతుంది, అదే మొదటి గుర్తు. చింతపండు పులుసు పోసి రాత్రంతా ఉంచి కడిగితే పొర కరుగుతుంది. టంకం అతుకులున్న బాయిలర్‌ను నీళ్లు లేకుండా ఒక్కసారి మండించినా చాలు, సీసం తగరం కలిపిన టంకం 200 డిగ్రీల లోపే కరగడం మొదలవుతుంది. బాత్రూము లోపలే మంట పెట్టే ఇళ్లలో గొట్టం పూడుకుంటే సంగతి ఇంకా దూరం పోతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. తలుపేసుకుని స్నానం చేసేవాళ్లు తల తిరిగి పడిపోతారు.

బజారులో దొరికే రెడీమేడ్ ఇనుప పొయ్యిల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. కొనేముందు ఐఎస్ 13152 గుర్తు చూడండి. ఫ్యాను లేని పొయ్యి కట్టె వేడిలో 25 శాతమైనా, ఫ్యాను ఉన్నది 35 శాతమైనా గిన్నెకు అందించాలని ఆ ప్రమాణం చెబుతుంది. లోపలి రేకు గొట్టం, ఫ్యాను, బ్యాటరీ విడిగా అమ్ముతారా అని అడగండి. అమ్మకపోతే అది పొయ్యి కాదు, ఒకసారి వాడి పారేసే డబ్బా.

ఏ భాగం మార్చినా, మార్చాక పరీక్ష ఒకటే. గిన్నెలన్నీ కంతల మీద పెట్టి, గొట్టం అడుగున ఒక కాగితం ముట్టించండి. చల్లటి గొట్టం మొదట లాగదు, ఆ కాగితం మంటతో అది వేడెక్కుతుంది. తర్వాత పొయ్యి నోటి దగ్గర వెలిగించిన అగరొత్తి పట్టుకోండి. పొగ తిన్నగా లోపలికి పోతే సరే. అక్కడే తచ్చాడితే గొట్టం చూడండి. లోపలికి పోయి గిన్నె పక్కనుంచి బయటికొస్తే కంత అంచు చూడండి. లోపలికి పోయినా నిప్పు ఊదితే తప్ప రాజుకోకపోతే జాలీ కింద చెయ్యి పెట్టి బూడిద ఎంతుందో చూడండి.